పన్ను కొలత, ఒంటి కొలత

మద్యంలో ఆల్కహాల్ ఎంతుందో తేల్చే పనిని మొదట నెత్తికెత్తుకున్నది వైద్యులు కాదు, సుంకం వసూలు చేసేవాళ్లు. ఇంగ్లండ్‌లో తుపాకి మందును సరుకుతో తడిపి నిప్పు పెట్టేవారని చెబుతారు. అంటుకుంటే ప్రూఫ్ కుదిరినట్టు, లేకపోతే నీళ్లు ఎక్కువైనట్టు. ఆ మోటు పరీక్షల కాలం పోయి, 1816లో సైక్స్ హైడ్రోమీటరుకు బ్రిటిష్ చట్టం ముద్ర వేసింది. ఆ లెక్కలో 100 ప్రూఫ్ అంటే సుమారు 57.1 శాతం ఆల్కహాల్. ఫ్రాన్సులో గే-లుసాక్ 1820లలోనే నేరుగా శాతం చూపే పరికరం చేశాడు. బ్రిటన్ ఆ దారికి రావడానికి 1980 దాకా పట్టింది.

ఆ పాత సుంకం లెక్క మన సీసాల మీద ఇప్పటికీ బతికే ఉంది. మన విస్కీ, బ్రాందీ లేబుళ్ల మీద కనిపించే 42.8 శాతం ఎవరో వైద్యుడు నిర్ణయించింది కాదు. బ్రిటిష్ 75 డిగ్రీల ప్రూఫ్‌ను శాతంలోకి మారిస్తే వచ్చే అంకె అది.

తాగినవాడి ఒంట్లో ఏం జరుగుతోందన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ రక్తంలో ఆల్కహాల్ లెక్క కట్టే సూత్రాన్ని 1932లో పుస్తకంగా వెలువరించాడు. బ్రిటన్ 1967లో డ్రైవర్లకు 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో ఆ హద్దు 30 మాత్రమే.

1980లలో బ్రిటన్‌లో జనం నోటికెక్కిన "యూనిట్" మాత్రం తాగేవాడికి పనికొచ్చే కొలత. 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్, అంటే దాదాపు 8 గ్రాములు, ఒక యూనిట్. మిల్లీలీటర్లను శాతంతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే చాలు. 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో రెండున్నర యూనిట్లకు పైనే ఉంటుంది. క్వార్టర్‌లో 7.7. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 5.2. బీరే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ అంకె చూడాలి: ఆ ఒక్క సీసా రెండు లార్జ్ పెగ్గులతో సమానం.

1987లో బ్రిటిష్ వైద్యులు వారానికి పురుషులకు 21, స్త్రీలకు 14 యూనిట్లు మించవద్దన్నారు. 2016లో ఇద్దరికీ 14 చేశారు. మన లెక్కలో రెండు క్వార్టర్లతోనే ఆ గీత దాటిపోతుంది. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చిచెప్పింది. మన సీసా మీద శాతం ఉంటుంది, పరిమాణం ఉంటుంది, హెచ్చరిక ఉంటుంది, యూనిట్లు మాత్రం ఉండవు. ప్రభుత్వానికి రెండు శతాబ్దాల కిందటే అందిన లెక్కను కొనేవాడికి ఇంకా దాచి ఉంచడం అన్యాయం. అచ్చు వేయడానికి అయ్యే ఖర్చు ఎంతని!

కల్లు దగ్గర ఈ యూనిట్ల సూత్రం ఆగిపోతుంది. పొద్దున్నే దింపింది తియ్యగా ఉంటుంది, ఎండ ముదిరేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. ముంతకు లేబులు లేదు, పొద్దుటి శాతం సాయంత్రానికి నిలవదు.