తల్లి మీద వేసిన నింద

"పెంపకం సరిగా లేకే పిల్లాడిలా అయ్యాడు" అన్న మాట మన ఇళ్లలోనే వింటామనుకుంటున్నారా? 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ అనే పేరున్న వైద్యురాలు స్కిజోఫ్రెనియాకు తల్లి తీరును తప్పుపడుతూ రాశారు. (ఆడమనిషే రాసింది చూడండి!) ఆ మాట అమెరికాలో ఏళ్ల తరబడి చెలామణి అయింది. రాత్రంతా బిడ్డకి కాపలా కాసి, పొద్దున డాక్టరు ముందు దోషిలా కూర్చుంటే ఏ తల్లికి డిప్రెషన్ రాదు చెప్పండి?

విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో హ్యారియెట్ షెట్లర్, బెవర్లీ యంగ్ అనే ఇద్దరు తల్లులు భోంచేస్తూ, జబ్బుపడ్డ తమ కొడుకుల సంగతి మాట్లాడుకున్నారు. అలా మొదలైందే 1979లో 'నామీ' సంస్థ అయింది. అమెరికాలో ఉన్నవాళ్లు చూడండి, ఇంట్లో చూసుకునేవాళ్ల కోసమే అది ఉచితంగా సమావేశాలు పెడుతోంది. అక్కడ పెంపకం గురించి కాదు, మీ నిద్ర గురించి అడుగుతారు.