కేబుల్ ఆధారిత దూలంలో తన్యత గణన: చరిత్ర

దూలాన్ని కింద స్తంభం పెట్టి మోయించకుండా పైనుంచి తీగతో పట్టి నిలిపినప్పుడు, ఆ తీగలో ఏర్పడే లాగుడు బలమే తన్యత. దుకాణం ముందు బోర్డును పట్టి ఉంచే ఇనుప కమ్మీకీ, నది మీది తీగల వంతెనకూ లెక్క మూలం ఒక్కటే. తీగ ఒకటే ఉంటే బలాల సమతాస్థితితో పని తీరుతుంది. తీగలు పెరిగితే లోహం సాగే గుణాన్నీ, పొడవు పెరిగితే సొంత బరువుకు తీగ కిందికి వంగడాన్నీ కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ మూడు మెట్లూ ఎక్కడానికి దాదాపు నాలుగు శతాబ్దాలు పట్టింది.

మూలసూత్రం

4 మీటర్ల దూలం ఒక కొస గోడకు కీలుతో బిగించి ఉంది. రెండో కొసను గోడ పైభాగం నుంచి ఏటవాలుగా దిగే తీగ పట్టుకుంది. తీగకూ దూలానికీ మధ్య కోణం 30 డిగ్రీలు. దూలం బరువు 600 న్యూటన్లు, అది నడిమధ్య పనిచేస్తుంది. కొసన మరో 900 న్యూటన్ల బరువు వేలాడుతోంది. కీలు చుట్టూ భ్రామకాలు తీసుకుంటే కీలులోని తెలియని బలాలు లెక్కలోంచి తప్పుకుంటాయి. బరువుల భ్రామకం 600×2 + 900×4 = 4,800 న్యూటన్ మీటర్లు. తీగ భ్రామకం తన్యత × సైన్ 30° × 4, అంటే తన్యతకు రెండింతలు. కాబట్టి తన్యత 2,400 న్యూటన్లు. మోస్తున్న మొత్తం బరువు 1,500 న్యూటన్లే అయినా తీగ మీద అంతకంటే ఎక్కువ బలం పడింది. కోణం 15 డిగ్రీలకు తగ్గిస్తే తన్యత సుమారు 4,640 న్యూటన్లకు చేరుతుంది. వంతెన గోపురాలు ఎత్తుగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

సిద్ధాంత పునాదులు

తులాదండం సూత్రాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడిస్ నిరూపించాడు. ఏటవాలుగా లాగే బలాల సంగతి మాత్రం చాలాకాలం తేలలేదు. 1586లో ఫ్లెమిష్ గణితజ్ఞుడు సైమన్ స్టెవిన్ రెండు వాలుల మీదుగా 14 గోళాల దండను వేసినట్టు ఊహించాడు. ఒక వాలు రెండోదానికి రెండింతల పొడవు. పొడవు వాలు మీద నాలుగు గోళాలు, పొట్టి వాలు మీద రెండు, మిగతా ఎనిమిది కింద వేలాడుతుంటాయి. దండ తనంతట తాను ఎడతెగకుండా తిరగడం అసాధ్యం కనుక నాలుగూ రెండూ సరితూగాల్సిందేనని వాదించాడు. ఆ దారిలోనే తాళ్లలోని బలాలను త్రిభుజం భుజాలతో సూచించే పద్ధతికి చేరాడు. 1687లో న్యూటన్, ఫ్రాన్స్‌లో పియరె వారిన్యోన్ వేర్వేరుగా బలాల సమాంతర చతుర్భుజ నియమాన్ని ప్రకటించారు. ఫలిత బలం భ్రామకం దాని అంశాల భ్రామకాల మొత్తానికి సమానమన్న సూత్రం వారిన్యోన్ పేరుతోనే నిలిచింది. పై ఉదాహరణ పరిష్కారానికి అవసరమైన గణితమంతా అప్పటికే సిద్ధం.

వైఫల్యాలు

ఆ గణితం వంతెనలకు చాలలేదు. స్కాట్లాండ్‌లో ట్వీడ్ నది మీద 1817లో కట్టిన డ్రైబరా కాలినడక వంతెన మరుసటి ఏడాది జనవరిలోనే గాలివానకు కూలింది. జర్మనీలో నీన్‌బుర్గ్ దగ్గర జాలె నది మీది గొలుసుల వంతెన 1825 డిసెంబరులో ఉత్సవానికి వచ్చిన జనం బరువుకు పడిపోయింది. ఒకటికి మించి గొలుసులు ఒకే దూలాన్ని పట్టుకున్నప్పుడు సమీకరణాల కంటే తెలియని బలాలే ఎక్కువ. ఏ గొలుసు ఎంత మోస్తోందో సమతాస్థితి ఒక్కటే చెప్పలేదు. పైగా ఆ గొలుసులను ముందుగా బిగించే ఏర్పాటు లేక, వంతెన బాగా కుంగాక గానీ వాటికి బిగువు వచ్చేది కాదు. ఫ్రెంచి ఇంజనీరు నావియె 1823 నివేదికలో వేలాడే వంతెనలనే సమర్థించాడు. ఏటవాలు తీగల పద్ధతి అలా వెనుకబడింది.

చిక్కుముడికి పరిష్కారం కూడా నావియె నుంచే మొదలైంది. 1826 నాటి పాఠ్యగ్రంథంలో ఆయన తెలియని బలాలను పదార్థం సాగుదలతో ముడిపెట్టి కనుగొనే మార్గం చూపాడు. 1870లలో ఇటలీకి చెందిన కాస్టిల్యానో దాన్ని శక్తి సూత్రంగా మలిచాడు.

ముందు బిగింపు

1920ల మధ్యలో స్పెయిన్‌లో ఎడ్వర్డో టొర్రోహా గ్వాదలేటె నది మీద టెంపుల్ నీటి కాలువ వంతెన కట్టాడు. నదిలో లేపాల్సిన రెండు స్తంభాలకు బదులు తీగలు పెట్టాడు. గోపురాల తలలను జాకీలతో పైకెత్తి తీగలను కావలసినంత బిగించాడు. అప్పటిదాకా కట్టడం పూర్తయ్యాక కనుక్కునే సంఖ్యగా ఉన్న తన్యత ఇక్కడ ఇంజనీరు ముందే నిర్ణయించే సంఖ్య అయింది.

తీగలో బిగువు తక్కువైతే అది సొంత బరువుకు వంగి, బరువు పడగానే ముందు ఆ వంపు తీరుతుంది తప్ప దూలాన్ని గట్టిగా పట్టదు. బలమైన ఉక్కు తీగలను అధిక ప్రతిబలానికి బిగిస్తేనే ఈ లోపం పోతుందని జర్మన్ ఇంజనీరు ఫ్రాంజ్ డిషింగర్ 1949లో వివరించాడు. ఆయన రూపొందించిన స్ట్రోమ్‌సుండ్ వంతెన స్వీడన్‌లో 1955లో 182.6 మీటర్ల ప్రధాన విస్తారంతో పూర్తయింది. 1965లో ఇంజనీరు ఎర్న్‌స్ట్ ఈ వంపు ప్రభావాన్ని ఒకే సూత్రంలో ఇమిడ్చాడు. వంపు వల్ల తీగ బిరుసుతనానికి కలిగే నష్టం తీగ అడ్డుపొడవు వర్గంతో పెరుగుతుంది, ప్రతిబలం ఘనంతో తగ్గుతుంది. ప్రతిబలం రెట్టిస్తే నష్టం ఎనిమిదో వంతుకు పడిపోతుందన్నమాట.

కంప్యూటర్లు, కొలతలు

1967లో బాన్ నగరంలో హెల్ముట్ హోంబెర్గ్ రూపొందించిన ఫ్రీడ్రిక్ ఎబర్ట్ వంతెనతో దగ్గరదగ్గరగా అనేక తీగలు వేసే పద్ధతి వచ్చింది. అన్ని తెలియని రాశులను చేతితో సాధించడం కష్టం. కంప్యూటర్లు ఆ పని అందుకున్నాయి.

కట్టాక తన్యతను సరిచూడటానికి 1636 నాటి మెర్సెన్ తంత్రీ నియమం అక్కరకొచ్చింది. బిరడా తిప్పితే వీణ తీగ స్వరం హెచ్చినట్టే కేబుల్ పౌనఃపున్యమూ బిగువుతో పెరుగుతుంది. మీటరుకు 50 కిలోల బరువు, 100 మీటర్ల పొడవు ఉన్న కేబుల్ సెకనుకు ఒకసారి కంపిస్తే అందులోని తన్యత 20 లక్షల న్యూటన్లు, అంటే సుమారు 204 టన్నుల బరువుకు సమానం. పొట్టి కేబుళ్లకు వాటి బిరుసుతనాన్ని కూడా సవరించాలి.

భారతదేశంలో 457 మీటర్ల విస్తారంతో కోల్‌కతా విద్యాసాగర్ సేతు 1992లో ప్రారంభమైంది. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్‌ను మాదాపూర్ వైపుతో కలిపే దుర్గం చెరువు కేబుల్ వంతెన 2020 సెప్టెంబరులో తెరుచుకుంది. దాని ప్రధాన విస్తారం సుమారు 234 మీటర్లు. నేటి రూపకల్పనలో ఒక్కో కేబుల్ తెగిపోయినట్టు భావించి, మిగతావి ఆ భారాన్ని పంచుకోగలవా అని కూడా లెక్కగడతారు. తీగ మార్చాల్సి వచ్చినప్పుడు వంతెనను పూర్తిగా మూసేయకుండా మరమ్మతు చేయగలగడం ఆ లెక్క వల్లే సాధ్యమవుతోంది.