బగ్గీ కారుకు కావలసిన ఊరు

రిమోట్‌తో నడిచే బగ్గీ కారు తారురోడ్డు కోసం పుట్టింది కాదు. దాని పెద్దన్న, అంటే మనుషులు ఎక్కి తోలే అసలు బగ్గీ, కాలిఫోర్నియా తీరపు ఇసుకలో రూపు దిద్దుకుంది. పడవల తయారీలో చెయ్యి తిరిగిన బ్రూస్ మేయర్స్ 1964లో ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజనుకు ఫైబర్‌గ్లాస్ ఒళ్లు తొడిగి మేయర్స్ మాంక్స్ అనే తేలికపాటి బండి కట్టాడు. 1967లో మెక్సికోలోని బాహా ఎడారి పొడవునా మెక్సికన్ 1000 అనే పందెం జరిగితే, విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్ ఆ బండినే 27 గంటల 38 నిమిషాల్లో గమ్యం చేర్చి గెలిచారు. పన్నెండేళ్లకు, 1979లో, జపాన్‌కు చెందిన తమియా కంపెనీ ఆ కోవ బండ్లనే పదో వంతుకు కుదించి రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే రేడియో బగ్గీలుగా అమ్మకానికి పెట్టింది. ఇసుక, గులకరాళ్లు, ఎర్రదుమ్ము, ఎగుడుదిగుడు నేల ఉన్నచోట ఈ బండి అందం తెలుస్తుంది. ఆ లెక్కన చూస్తే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం దీనికి పుట్టినిల్లు కావలసింది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే పాత అనంతపురం జిల్లా ఇది. హిందూపురం పక్కనే పెన్నా, ధర్మవరం వైపు చిత్రావతి. ఏడాదిలో ఎక్కువ రోజులు రెండూ ఇసుక దారులే. అయినా బగ్గీ సరదా ఇక్కడ ఒక అలవాటుగానో, ఒక దుకాణంగానో, ఏటా జరిగే పందెంగానో వేళ్లూనుకోలేదు.

ఎందుకని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు కరువు. తిండికే కటకటలాడే సీమలో ఆటబొమ్మ కార్లేమిటని అంటారు. ఈ జవాబులో నిజం లేకపోలేదు గాని, అసలు కారణం అది కాదని నా వాదన. ఈ సరదా బతకడానికి డబ్బుకన్నా ముందు మూడు కావాలి. విప్పి బిగించగల చేతులు, విరిగిన భాగం దొరికే దుకాణం, గాలిలోకి రేడియో తరంగం వదలడానికి చట్టం ఇచ్చే అనుమతి. మొదటిది ఈ మూడు ఊళ్లలో తరతరాలుగా పుష్కలంగా ఉంది. మిగిలిన రెండూ ఇక్కడి మనుషుల చేతిలో లేనివి. వాటిని దశాబ్దాల పాటు ఎక్కడో దూరాన ఆపి ఉంచారు.

చేతుల సంగతి ముందు ఎందుకు చెప్పాలంటే, బగ్గీ సరదాలో సగం పైన మరమ్మతే. బజారులో డబ్బాతో కొనుక్కుని, పాడయితే పారేసే బొమ్మకారు వేరు. ఈ బగ్గీ చాలాసార్లు విడిభాగాల పెట్టెగా వస్తుంది. స్ప్రింగు లోపల నూనె నింపిన షాక్ అబ్సార్బర్లు నాలుగు, వెనకవైపు మోటారు, దాని మొనకు పినియన్ అనే చిన్న పళ్లచక్రం, అది తిప్పే పెద్ద పళ్లచక్రం, మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్. అన్నీ మనమే కూర్చుకోవాలి. ఆ రెండు పళ్లచక్రాలూ మరీ బిగుతుగా ఒరుసుకుంటే మోటారు కాలిపోతుంది, వదులైతే పళ్లు అరిగి రాలిపోతాయి. అందుకని మధ్యలో సన్నటి కాగితం ముక్క ఇరికించి, మోటారును దగ్గరికి నొక్కి మరలు బిగిస్తారు. తర్వాత చక్రం తిప్పి కాగితం లాగితే దాని మీద మడతల వరస చిరగకుండా పడాలి. పళ్ల మధ్య సందు సరిపోయిందనడానికి అదే గుర్తు. పది నిమిషాలు ఇసుకలో పరుగెత్తించాక బేరింగుల్లో దూరిన దుమ్ము తుడవాలి, షాకుల్లో నూనె చూడాలి. ఈ పనిలో ఆనందం లేనివాడికి ఈ సరదాలోనే ఆనందం లేదు.

ఇలాంటి చేతులున్న ఊరు ఈ సరదాను ఎలా సొంతం చేసుకుంటుందో చూడాలంటే జపాన్‌లోని షిజువొకా చరిత్ర చదవాలి. తోకుగావా పాలకుల కాలంలో అక్కడి గుళ్లు కట్టడానికి వచ్చిన వడ్రంగులు, లక్క పనివాళ్లు ఆ ఊళ్లోనే స్థిరపడ్డారు. గుడి పని ముగిసినా పనితనం మిగిలింది, అది ఇంటి సామానులోకి, తర్వాత బొమ్మల్లోకి పాకింది. నమూనాలు చేసే హసెగావా కంపెనీ 1941లో బడులకు కావలసిన కొయ్య ఉపకరణాలు చేస్తూ మొదలైంది. యొషియో తమియా 1946లో పెట్టింది కలప కోత మిల్లు. కొద్దికాలానికే ఆ కలపతోనే ఓడల నమూనాలు చేయడం మొదలుపెట్టి, 1953లో కలప వ్యాపారం పూర్తిగా వదిలేశాడు. 1960లో ప్లాస్టిక్ నమూనాలకు, 1976లో పోర్షే 934తో రేడియో కార్లకు ఆ కంపెనీ మారింది. 1959 నుంచి ఆ ఊళ్లో హాబీ షో జరుగుతోంది. గుడి దూలాలు చెక్కిన ఊరు మూడు వందల ఏళ్లకు ప్రపంచానికి బగ్గీలు అమ్మిందంటే, మధ్యలో తెగిపోకుండా సాగింది చేతి పని. సరుకు మాత్రం కాలంతో పాటు మారుతూ వచ్చింది.

ఇప్పుడు ధర్మవరం వైపు చూద్దాం. పట్టుచీర నేసే ఇంట్లో మగ్గం మీద కూర్చున్న జాకార్డు కూడా ఒక యంత్రమే. చిల్లులు పొడిచిన అట్టలు వరసగా తిరుగుతుంటే, ఏ చిల్లు ఎక్కడుందో దాన్ని బట్టి పడుగు దారాలు లేస్తాయి, ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది, అంచు మీద హంస పడుతుంది. ఒక అట్ట తారుమారైతే హంస మెడ విరుగుతుంది. ఆ తప్పు ఏ అట్టలో ఉందో వెతికి సరిచేయగల కన్ను, లివరు ఎక్కడ పట్టేసిందో చప్పుడు విని చెప్పగల చెవి ఈ ఊరి నేతగాళ్ల కుటుంబాల్లో మామూలు విషయం. అదే ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో ఇంట్లో మరాఠీ మాట్లాడే తోలుబొమ్మల కళాకారులున్నారు. వాళ్లలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును గీకి, వెలుగు దాటిపోయేంత పలచన చేసి, నగల గీతలన్నీ చిల్లులుగా పొడిచి, చేతులూ కాళ్లూ విడివిడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో కడతారు. మధ్యలో నిలువు బద్ద, చేతులకు సన్నటి పుల్లలు. తెర వెనక ఒక్క మనిషి హనుమంతుణ్ణి గెంతిస్తాడు, రావణుడి చేత చేతులు తిప్పిస్తాడు. తన ఒంటికి దూరంగా ఉన్న ఒక ఒంటిని వేళ్లతో బతికించడం ఇక్కడివాళ్లకు కొత్త విద్య కాదు. సినిమా వచ్చి ఆట తగ్గాక ఆ కుటుంబాలే అదే తోలుతో దీపపు గొడుగులు, గోడబొమ్మలు చేసి దేశమంతా అమ్ముతున్నాయి. సరుకు మార్చుకుని పని నిలుపుకోవడంలో నిమ్మలకుంట షిజువొకాకు ఏమీ తీసిపోలేదు.

కరువు వాదనకు జవాబు కూడా ఈ తోలుబొమ్మల్లోనే ఉంది. వాన కురవని ఏడు, కురవాలని మొక్కుకుని, ఊరంతా చందాలు వేసుకుని రామాయణం ఆట కట్టించే ఆచారం ఈ మెట్టప్రాంతంలో ఉండేది. అంటే కరువు ఆటను చంపలేదు, కరువులోనే ఆట పిలిపించుకున్నారు. తీరికలేని జనం, సరదా తెలియని జనం అని సీమ మీద వేసే ముద్ర చరిత్రకు నిలవదు. అయితే ఊరు చందా వేసుకుని ఆడించే బొమ్మలాటకూ, ఒక కుర్రాడు సొంతంగా కొనుక్కునే కారుకూ ఖర్చు ఒకటి కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. దాని దగ్గరికి తర్వాత వస్తాను, ఎందుకంటే డబ్బున్నవాడికి సైతం ఈ సరదా అందని కాలం ఒకటి చాలా పొడుగ్గా నడిచింది.

ఆ కాలపు తాళం 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే దాని ప్రకారం నేరం. పాట వినే రేడియోకే 1980ల దాకా లైసెన్సు కట్టిన దేశం మనది. ఇక తరంగం వదిలే పెట్టె చేత పట్టుకుని పెన్నా ఇసుకలో నిలబడడం మాటలా? దానికి తోడు దిగుమతి లైసెన్సుల పాలన. 1984లో తమియా హార్నెట్, గ్రాస్‌హాపర్ బగ్గీలు జపాన్ బడిపిల్లల చేతికొచ్చాయి. అదే ఏడు అమెరికాలో రోజర్ కర్టిస్ గీసిన ఆర్‌సీ10 బగ్గీ వచ్చింది. 1985లో కాలిఫోర్నియాలో తొలి ఎలక్ట్రిక్ ఆఫ్‌రోడ్ ప్రపంచ పోటీ జరిగినప్పుడు రెండు చక్రాల డ్రైవ్ విభాగంలో జే హాల్సీ దానితోనే గెలిచాడు. నాలుగు చక్రాల విభాగంలో గెలిచిన గిల్ లోసీ జూనియర్ కుటుంబానిది ట్రాకు, విడిభాగాల దుకాణం కలిసిన రాంచ్ పిట్ షాప్. ఆ దుకాణం నుంచే తర్వాత బగ్గీలు చేసే కంపెనీ పుట్టింది. కొట్టు, ట్రాకు, పోటీ, ఫ్యాక్టరీ అనే వరస గమనించదగ్గది. అక్కడ అన్నిటికన్నా ముందున్నది కొట్టు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఇక్కడ విదేశీ ఆటవస్తువు దిగుమతి మీద ఆంక్షలున్నాయి. చివరి పరిమాణ ఆంక్షలు తొలగింది 2001 ఏప్రిల్ 1న. 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండు, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా తెరుచుకున్నది 2005లో. ప్రపంచం ఇరవై ఆరేళ్లు ఆడుకున్నాక మనకు తలుపు తీశారు.

2.4 గిగాహెర్ట్జ్ గురించి ఇంకో మాట చెప్పాలి. పాత 27 మెగాహెర్ట్జ్ సెట్లలో ఒక్కొక్కరికి ఒక్కో క్రిస్టల్ ఉండేది. ఇద్దరు ఒకే ఛానల్ మీద స్విచ్ వేస్తే ఒకరి కారు ఇంకొకరి మాట విని గోడకు కొట్టుకునేది. అందుకే క్లబ్బుల్లో ఛానళ్ల బోర్డు పెట్టి, క్లిప్పు తీసుకున్నవాడే ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయాలనే కట్టుబాటు పెట్టారు. కొత్త సెట్లు తమ కారును తామే గుర్తుపట్టి జతకడతాయి. కాబట్టి క్లబ్బు పెద్దరికం, నిబంధనల పుస్తకం లేని చిన్న ఊళ్లో కూడా పదిమంది కలిసి పందెం వేసుకోవచ్చు. చట్టం ఆలస్యంగా వచ్చినా, చిన్న ఊరికి పనికొచ్చే రూపంలో వచ్చింది.

అయితే 2005 తర్వాత రెండు దశాబ్దాలు గడిచాయి, మరి ఇప్పటికైనా ఎందుకు రాలేదు? ఈ అభ్యంతరం నా వాదనకు అన్నిటికన్నా గట్టిది. పైగా పెనుకొండ మండలం ఎర్రమంచిలో 536 ఎకరాల్లో ఏకంగా కియా కార్ల ఫ్యాక్టరీయే వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 ఆగస్టులో తొలి సెల్టోస్, 2023 జూలైకి పది లక్షల కార్లు. నిజం కార్లు చేసే చోట బొమ్మకార్ల సరదా పుట్టదా అనుకోవడం సహజం. కానీ అసెంబ్లీ లైను విప్పి బిగించే చేతిని తయారు చేయదు. అక్కడ ఒక మనిషి రోజంతా ఒకే భాగం బిగిస్తాడు, కారంతా అతని చేతికి రాదు. ఆ గేటు నుంచి కారు బయటికి వస్తుంది గాని, పళ్లచక్రం అమ్మే కొట్టు రాదు. ఇక కొట్టు రాకపోవడానికి తాజా కారణం సుంకం. 2020 బడ్జెట్‌లో దిగుమతి బొమ్మల మీద సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. పిల్లల నోట్లోకి విషపు రంగులు పోకుండా చూడడం మంచి పనే, దేశీయ బొమ్మల పరిశ్రమ నిలబడాలనుకోవడమూ మంచిదే. కానీ ఇక్కడ దాదాపు ఎవరూ తయారు చేయని పదో వంతు బగ్గీని ఆ గాటన కట్టేస్తే లాభపడే దేశీయ పనివాడు కనబడడు. ఏడాదికి పది బండ్లు అమ్ముకునే చిన్న కొట్టు మాత్రం మూతపడుతుంది, లేదా అసలు తెరుచుకోనే తెరుచుకోదు.

ఇప్పుడు ఖర్చు ప్రశ్న. మంచి బగ్గీ, ట్రాన్స్‌మిటర్, లిథియం బ్యాటరీ, ఛార్జరు కలిపితే పదివేలు సులువుగా దాటిపోతాయి. నేతపనివాడి ఇంట్లో ఆ మొత్తాన్ని ఆటకు పెట్టమనడం అన్యాయం. దీనికి జవాబు ఒకడు కొనుక్కోవడంలో లేదు, పదిమంది ఒకే బండిని విప్పి నేర్చుకోవడంలో ఉంది. బొమ్మలాటను ఊరు కలిసి భరించినట్టే ఇదీ భరించదగ్గది. ఫోన్‌లో కారు ఆట ఉచితంగా ఉండగా ఇదెందుకు అనేవాళ్లకు చెప్పేది ఒకటే. ఫోన్‌లో కారు బోల్తా పడితే బటన్ నొక్కితే లేస్తుంది, విరిగేదీ లేదు, బాగుచేసేదీ లేదు. నీతి ఆయోగ్ 2016 నుంచి బడుల్లో పెట్టిస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కోదానికి 20 లక్షల దాకా ఇస్తారు. ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం మోటార్లు, సర్క్యూట్ బోర్డులు, త్రీడీ ప్రింటర్లు అందులో ఉంటాయి. విరిగిన సస్పెన్షన్ చెయ్యిని ఆ ప్రింటరు మీద కొన్ని గంటల్లో మళ్లీ చేసుకోవచ్చు, దానికి సుంకం కట్టక్కర్లేదు. ఈ మూడు ఊళ్లూ ఇప్పుడున్న శ్రీ సత్యసాయి జిల్లాలో అలాంటి గదిలో పాఠం చెప్పడానికి బెంగళూరు నుంచి ఇంజనీరు రానక్కర్లేదు. ధర్మవరంలో జాకార్డు బాగుచేసే మేస్త్రీకి గౌరవ వేతనం ఇచ్చి వారానికి రెండు పూటలు పిలిస్తే, పళ్లచక్రం సందులో కాగితం ఎందుకు పెట్టాలో పిల్లలకు అతనే బాగా చెప్పగలడు.