వదిలిన నగలు: జాతీయోద్యమంలో స్త్రీధనం

సహాయ నిరాకరణోద్యమంలో ప్రజలు ఏమేమి వదులుకోవాలని కాంగ్రెస్ పిలుపునిచ్చిందో గత పాఠంలో చదివారు. ప్రభుత్వమిచ్చిన బిరుదులు, శాసనసభల సభ్యత్వం, న్యాయవాద వృత్తి, సర్కారు బడి, విదేశీ వస్త్రం. ఈ జాబితాను మరోసారి చూడండి. విదేశీ వస్త్రాన్ని మినహాయిస్తే మిగిలినవన్నీ ఆనాడు దాదాపుగా పురుషుల చేతుల్లో ఉన్నవే. టంగుటూరి ప్రకాశం మద్రాసులో బాగా నడుస్తున్న బారిస్టరు వృత్తిని మానేసి 1921లో ‘స్వరాజ్య’ పత్రికను ప్రారంభించాడు. వదులుకోవడానికి ఆయనకు ఒక వృత్తి ఉంది. అదే సంవత్సరం ఉద్యమంలోకి రావాలనుకున్న ఒక గృహిణికి ఏముంది? ఒంటిమీద నగలున్నాయి. ఉద్యమ చరిత్రలో ఆడవాళ్లు నగలు ఒలిచి ఇచ్చిన ఘట్టాలు ఇన్నిసార్లు కనిపించడానికి ఇదొక కారణం.

ఆ ఘట్టాలను సాధారణంగా త్యాగగాథలుగానే చెబుతారు. ఈ పాఠంలో మనం వేసుకునే ప్రశ్న వేరు. ఆ నగలు ఎవరివి? ఇవ్వాలని నిర్ణయించింది ఎవరు?

నగ అంటే ఆస్తి, నగ అంటే గుర్తు

పెళ్లినాడూ ఆ తరువాతా పుట్టింటివారు, అత్తింటివారు ప్రేమతో ఇచ్చినదాన్ని ధర్మశాస్త్రాలు స్త్రీధనమన్నాయి. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి వాటా లేదు. ఉమ్మడిలో ఉండగా భర్త పోతే, 1937 చట్టం వచ్చేవరకు, భార్యకు దక్కేది పోషణ హక్కు మాత్రమే. తెలుగు ప్రాంతాల్లో పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు కొంత భూమి రాసిచ్చే ఆచారం ఉంది కాని, అది కలిగిన ఇళ్ల మాట. చాలామంది ఆడవాళ్లకు ఇది నాది అని చెప్పుకోగల ఆస్తి మెడలోనూ చేతులకూ ఉన్న బంగారమే. పంట పోయినా, ఇంట్లో ఎవరైనా మంచాన పడినా తాకట్టుకు పనికివచ్చేదీ అదే.

ఆ హక్కులో కూడా ఒక కన్నం ఉంది. కరువులోనూ, ధర్మకార్యం కోసమూ, జబ్బు చేసినప్పుడూ, నిర్బంధంలో చిక్కుకున్నప్పుడూ భర్త భార్య సొమ్మును తీసుకుంటే తిరిగి ఇవ్వనక్కరలేదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. ఇందులో ‘ధర్మకార్యం’ అన్న మాటను గుర్తుంచుకోండి. దానితో మనకు కాసేపట్లో పని పడుతుంది.

నగకు ఆస్తి విలువతోపాటు మరో విలువ కూడా ఉంది. జీవితంలో వచ్చిన మార్పును ఒంటిమీది వస్తువులతో లోకానికి చెప్పడం మన సమాజంలో పాత ఆచారం. పెళ్లికి పెడతారు, భర్త పోతే తీయిస్తారు. ముఖ్యంగా అగ్రవర్ణ కుటుంబాల్లో, గాజులు లేని చేతులు కనిపిస్తే దానికి ఒకటే అర్థం. పెట్టేదీ తీయించేదీ ఇతరులే తప్ప, ఈ రెండింటిలోనూ ఆమె నిర్ణయం ఏమీ లేదు. అటువంటి సమాజంలో ఒక ముత్తయిదువ గాని, పెళ్లి కాని పిల్ల గాని నలుగురి ముందు తన చేతి గాజులు తానే తీసి ఇవ్వడం ఎంత పెద్ద సంగతో ఊహించండి. ఇంట్లో పెద్దవాళ్లు ‘అశుభం’ అని ఉలిక్కిపడే పని అది.

డర్బన్, 1901

ఈ కథ ఆంధ్రదేశంలో మొదలు కాలేదు. 1901లో గాంధీ కుటుంబంతో సహా దక్షిణాఫ్రికా నుంచి భారతదేశానికి బయలుదేరాడు. నేటాల్‌లోని భారతీయులు వీడ్కోలు సభలు జరిపి బంగారు, వెండి, వజ్రాల కానుకలు ఇచ్చారు. వాటిలో కస్తూరిబాకు ఇచ్చిన యాభై గినీల బంగారు హారం కూడా ఉంది. ప్రజాసేవకు ప్రతిఫలం పుచ్చుకోవచ్చా అన్న మథనంతో ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారేసరికి కానుకలన్నింటినీ ప్రజల పనులకోసం ఒక ట్రస్టుకు అప్పగించాలని తేల్చుకున్నాడు. పార్శీ రుస్తుంజీ మొదలైనవారిని ధర్మకర్తలుగా పెట్టి పత్రం కూడా సిద్ధం చేశాడు. ముందుగా పిల్లలను ఒప్పించాడు. పెద్దవాడు హరిలాల్‌కు అప్పటికి పదమూడేళ్లు. పిల్లలు తొందరగానే ఒప్పుకున్నారు.

కస్తూరిబా ఒప్పుకోలేదు. గాంధీ తన ఆత్మకథలో ఆమె వాదనను దాచకుండా రాశాడు. అది ఆయన గొప్పతనమనే చెప్పాలి. ఆమె అన్న మాటల సారాంశం ఇది: నాకు నగలు అక్కరలేకపోవచ్చు, రేపు వచ్చే కోడళ్ల మాటేమిటి? ప్రేమతో ఇచ్చినవాటిని తిరిగి ఇవ్వడమెందుకు? హారం నాకిచ్చింది కదా, దానిమీద మీకేమిటి హక్కు? అది నీ సేవకు ఇచ్చారా, నా సేవకు ఇచ్చారా అని ఆయన అడిగితే, రాత్రింబగళ్లు నేను చేసిన చాకిరీ సేవ కాదా అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. చివరకు ఎలాగో ఆమె సమ్మతిని రాబట్టానని గాంధీ రాసుకున్నాడు.

ఇక్కడ మీరు ఇద్దరి వాదనలనూ విడివిడిగా తూచి చూడాలి. ప్రజాజీవితపు నీతి దృష్ట్యా గాంధీ నిర్ణయం దృఢమైనది. ఆస్తి హక్కు దృష్ట్యా మాత్రం కస్తూరిబా మాటే నిలుస్తుంది. ఆమెకు కానుకగా వచ్చిన హారాన్ని ధర్మకార్యం పేరుతో భర్త తీసుకున్నాడు. స్మృతి ఉంచిన కన్నం సరిగ్గా ఇదే. కాలక్రమాన ఆమె కూడా ఆ నిర్ణయంలోని మంచిని గుర్తించిందని గాంధీ చెబుతాడు. అయితే ఈ సంఘటనకు మనం ఆధారపడే కథనం భర్త రాసినది. ఆధారం ఎవరి కలం నుంచి వచ్చిందో అడగడం చరిత్ర విద్యార్థి చేయవలసిన మొదటి పని.

కాకినాడ, 1921

ఇరవై ఏళ్ల తరువాత పరిస్థితి మారింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలనీ, కోటిమందిని సభ్యులుగా చేర్చాలనీ, ఇరవై లక్షల రాట్నాలు తిరగాలనీ తీర్మానించింది. ఆ వెంటనే గాంధీ గోదావరి జిల్లాల్లో పర్యటించాడు. ఆ పర్యటనలో తన నగలను సమర్పించినవారిలో మాగంటి అన్నపూర్ణాదేవి ఒకరు. ఉద్యమానికే అంకితమైన ఆమె 1927లో చిన్న వయసులోనే మరణించింది.

కాకినాడలో పన్నెండేళ్లు కూడా నిండని ఒక బాలిక గాంధీని వేరే సభకు రప్పించాలని పట్టుబట్టింది. ఆమె పేరు దుర్గాబాయి. పెద్ద సభలకు రాలేని దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని ఆమె కోరిక. అయిదు వేల రూపాయల నిధి ఇస్తే చూద్దామన్నారు స్థానిక నాయకులు. దేవదాసీలు ఆ సొమ్ము సమకూర్చారు. సభ జరిగింది, గాంధీ ప్రసంగాన్ని దుర్గాబాయే తెలుగులోకి చెప్పింది, అక్కడి స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు.

దీన్ని గృహిణి ఇచ్చిన గాజులతో కలిపి చెప్పడం సరికాదని నా అభిప్రాయం. దేవదాసీల నగ తండ్రో భర్తో పెట్టినది కాదు. వారిలో ఆస్తి తల్లి నుంచి కూతురికి వచ్చేది. నాట్యానికి, పాటకు నగ పనిముట్టు కూడా. కాబట్టి నగ తీసి ఇవ్వడంలో ఆ వృత్తి జీవితాన్నే విడిచిపెట్టే సూచన ఉంది. ఆ వృత్తి విడిచాక బతుకుతెరువు ఏమిటన్న ప్రశ్నకు మాత్రం సంస్కర్తలు సులభంగా జవాబు చెప్పలేకపోయారు. మద్రాసు ప్రభుత్వం 1947లో దేవదాసీ నిషేధ చట్టం చేసినప్పుడు కూడా ఆ ప్రశ్న అలాగే ఉంది.

వడకర, 1934

హరిజన యాత్రలో భాగంగా 1934 జనవరిలో గాంధీ మలబారులోని వడకరకు వెళ్లాడు. కౌముది అనే పదహారేళ్ల అమ్మాయి వేదిక దగ్గరకు వచ్చి ఒక గాజు ఇచ్చింది. తరువాత రెండోది, ఆ తరువాత మెడలో హారం, చెవులవి. ఇక్కడ గాంధీ ఏమి చేశాడో గమనించండి. తల్లిదండ్రుల అనుమతి ఉందా అని అడిగాడు. తండ్రి ఆ సభలోనే ఉన్నాడు. ఇచ్చినవాటి స్థానంలో మళ్లీ కొత్తవి చేయించుకోకూడదన్నది ఆయన షరతు. ఆమె ఒప్పుకుంది. జీవితాంతం నగ పెట్టుకోలేదు, పెళ్లి చేసుకోలేదు, హిందీ ఉపాధ్యాయినిగా పనిచేసి 2020లో మరణించింది. గాంధీ ఆమెపై ‘హరిజన్’ పత్రికలో వ్యాసం రాశాడు.

1901లో గాంధీ భార్యను ఒప్పించవలసి వచ్చింది. 1934లో ఇచ్చే అమ్మాయిని ఆయనే ఆపి ప్రశ్నించాడు. అయితే ఆ ప్రశ్న తల్లిదండ్రుల సమ్మతి గురించి. పదహారేళ్ల పిల్ల విషయంలో అది న్యాయమే. కాని పెళ్లయిన స్త్రీ తన సొమ్మును తానే ఇవ్వాలన్నా ఎవరి అనుమతి అడగవలసి వచ్చేదో మీరే ఊహించగలరు.

మీ అధ్యయన కేంద్రంలో తరగతికి వచ్చేముందు మీ ఇంట్లోనో వీధిలోనో ఎనభై ఏళ్లు దాటిన ఒక స్త్రీని అడిగి తెలుసుకోండి: ఆమె నగల్లో ఏవి ఎప్పుడు చేజారాయి, ఎందుకోసం, ఆమెను అడిగారా? ఆమె చెప్పిన మాటల్లోనే రాసుకోండి.

దుర్గాబాయి కూడా ఆ తరువాత నగలు ధరించలేదు. ఎనిమిదేళ్ల వయసులో తనకు చేసిన పెళ్లి నుంచి తానే బయటకు వచ్చింది, జైలుకు వెళ్లింది, న్యాయశాస్త్రం చదివింది, రాజ్యాంగ సభలో సభ్యురాలైంది. అక్కడ హిందూ కోడ్ బిల్లును సమర్థించినవారిలో ఆమె ఉంది. ఆ బిల్లు ముక్కలుగా చట్టమైనప్పుడు, 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీ చేతిలో ఉన్న ఆస్తిని ఆమెకు సంపూర్ణ హక్కుగా చేసింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో వాటా మాత్రం అప్పుడు రాలేదు. ఆంధ్రప్రదేశ్ దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు, ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో.