పేరు లేని స్వరం: డెట్రాయిట్ బేస్ గిటార్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్

ఈ పాఠం చదవడానికి ముందు ఒక చిన్న పని చేయండి. మీకు బాగా తెలిసిన సినిమా పాట ఒకటి పెట్టుకోండి. గాయకుని గొంతును, వయొలిన్లను కాసేపు పక్కన పెట్టి, అన్నిటికంటే కింద, మంద్రస్థాయిలో నడిచే వాద్యాన్ని మాత్రమే వినండి. అదే బేస్ గిటార్. దానిని ఎవరు వాయించారో చెప్పగలరా? చాలామంది చెప్పలేరు. ఈ రోజు మనం తెలుసుకోబోయేది అలాంటి ఒక వాద్యకారుని చరిత్ర.

బేస్ అంటే ఏమిటి?

మన సంగీతంలో శ్రుతిని తంబురా, లయను మృదంగం చూసుకుంటాయి. పాశ్చాత్య జనరంజక సంగీతంలో బేస్ ఈ రెండింటి మధ్య నిలబడుతుంది. ఒక చేయి డ్రమ్ములతో, మరొక చేయి రాగంతో కలిపి పట్టుకున్నట్లు ఉంటుంది దాని పని. మొదట్లో ఈ పనికి మనిషంత ఎత్తుండే పెద్ద చెక్క బేస్ వాడేవారు. దాన్ని మోయడం కష్టం. వేదిక మీద దాని ధ్వని మిగతా వాద్యాలలో కలిసిపోయేది. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే వ్యక్తి 'ప్రెసిషన్ బేస్' అనే విద్యుత్ వాద్యాన్ని తెచ్చాడు. దాని మెడ మీద మెట్లు ఉండటం వల్ల స్వరం కచ్చితంగా పలికేది. అందుకే ఆ పేరు.

దక్షిణం నుండి డెట్రాయిట్‌కు

జేమ్స్ జేమర్సన్ 1936 జనవరి 29న సౌత్ కరోలినా రాష్ట్రంలో జన్మించాడు. చిన్నతనంలో కర్రకు రబ్బరు బ్యాండు బిగించి, దాన్ని చీమలపుట్ట దగ్గర నేలలో గుచ్చి మీటి, చీమల చేత నాట్యం చేయించేవాడని ఆయన జీవితకథలో చెబుతారు.

1954లో ఆయన తల్లి వద్ద ఉండటానికి డెట్రాయిట్ నగరానికి వచ్చాడు. ఇది ఒక్క కుటుంబం కథ కాదు. 1910 నుండి 1970 వరకు సుమారు 60 లక్షల మంది నల్లజాతి అమెరికన్లు దక్షిణాదిలోని వివక్షను, పేదరికాన్ని విడిచి ఉత్తర, పశ్చిమ నగరాలకు తరలిపోయారు. చరిత్రకారులు దీనిని 'మహా వలస' అంటారు. డెట్రాయిట్‌లో కార్ల కర్మాగారాలు ఉన్నాయి, జీతాలు ఉన్నాయి. సాయంత్రం పని ముగించుకుని వచ్చేవారి కోసం జాజ్, బ్లూస్ క్లబ్బులూ ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో సంగీతాన్ని శ్రద్ధగా బోధించేవారు. జేమర్సన్ నార్త్‌వెస్టర్న్ హైస్కూల్లోనే పెద్ద బేస్ నేర్చుకున్నాడు. చదువుకుంటూనే రాత్రిళ్లు క్లబ్బుల్లో వాయించాడు. ఒక గొప్ప కళాకారుని వెనుక ఒక ఊరు, ఒక బడి, కొన్ని చిన్న వేదికలు ఉంటాయని మీరు ఇక్కడ గమనించాలి.

పాముల గుంతలో పని

1959లో బెర్రీ గోర్డీ అనే యువకుడు కుటుంబం వద్ద 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డుల కంపెనీ స్థాపించాడు. అదే తరువాత మోటౌన్‌గా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లోని ఒక ఇల్లే దాని స్టూడియో. ఆ ఇరుకు గదిలో ఎక్కడ చూసినా తీగలు వేలాడేవి. అందుకే వాద్యకారులు దానికి 'పాముల గుంత' అని పేరు పెట్టారు. వారి బృందం పేరు 'ఫంక్ బ్రదర్స్'. తొలినాళ్లలో ఒక్కో పాటకు 10 డాలర్లో, అంతకన్నా తక్కువో ముట్టేది. పగలు స్టూడియో, రాత్రి క్లబ్బు. క్లబ్బులో సరదాగా వెతికిన స్వరాలు మరునాడు స్టూడియోలో పాటగా మారేవి.

1960ల తొలి సంవత్సరాలలో జేమర్సన్ విద్యుత్ బేస్‌కు మారాడు. కానీ పాత అలవాటు వదలలేదు. పెద్ద బేస్ మీటినట్లే కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే వాయించేవాడు. స్నేహితులు ఆ వేలిని 'కొక్కెం' అనేవారు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు.

అంతకు ముందు బేస్ వాద్యకారులు ఎక్కువగా మూలస్వరాన్నే పదే పదే వాయించేవారు. జేమర్సన్ ఆ స్వరాల మధ్య నడిచాడు. తాళానికి ముందు, వెనుక స్వరాలు వేసి, గాయకునికి జవాబు చెప్పినట్లు వాయించాడు. 1964 చివర విడుదలై మరుసటి ఏడాది అమెరికాలో మొదటి స్థానానికి చేరిన టెంప్టేషన్స్ బృందం పాట 'మై గర్ల్' వినండి. గుండె చప్పుడు లాంటి బేస్‌తోనే అది మొదలవుతుంది. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ కూడా ఆయన ప్రభావం తన మీద ఉందని చెప్పాడు.

మరి రికార్డు మీద ఆయన పేరు ఉందా? లేదు. గాయకుల బొమ్మ ఉంది, కంపెనీ ముద్ర ఉంది. 1971లో మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద వాద్యకారుల పేర్లు అచ్చయ్యాయి. జేమర్సన్ పేరు సాటిలేనివాడన్న విశేషణంతో కనిపించింది. అప్పటికి ఆయన మోటౌన్‌లో చేరి పన్నెండేళ్లు గడిచాయి.

ఊరు మారితే

1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. స్టూడియో తలుపుకు అంటించిన నోటీసు చూసి ఆ సంగతి తెలుసుకున్నామని వాద్యకారులు తరువాత చెప్పారు. జేమర్సన్ 1973లో అక్కడికి వెళ్లాడు. కానీ అక్కడ పాత మిత్రులు లేరు, రాత్రి క్లబ్బులు లేవు, పాముల గుంత లేదు. కొత్త తరం కొత్త ధ్వనిని కోరింది. ఆయన తన పద్ధతి మార్చుకోలేదు. అంతకు ముందే పట్టుకున్న మద్యం వ్యసనం ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. పని తగ్గిపోయింది.

1983లో మోటౌన్ 25 ఏళ్ల ఉత్సవం జరిగింది. జేమర్సన్ టికెట్ కొనుక్కుని, ప్రేక్షకులలో ఒకడిగా బాల్కనీలో కూర్చుని చూశాడు. ఆ సంవత్సరమే ఆగస్టు 2న, 47వ ఏట మరణించాడు.

గుర్తింపు తరువాత వచ్చింది. 1989లో ఆయన జీవితం, వాదనం మీద పుస్తకం వెలువడింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు స్థానం ఇచ్చింది. 2002లో ఫంక్ బ్రదర్స్ మీద చలనచిత్రం వచ్చింది. 2004లో ఆ బృందానికి గ్రామీ జీవితకాల సాఫల్య పురస్కారం లభించింది.

మనం నేర్చుకోవలసినది

విద్యార్థులారా, రికార్డు మీది కాగితం కూడా ఒక చారిత్రక ఆధారమే. అది ఏం చెబుతుందో చూడటంతో పాటు, ఎవరి పేరు చెప్పలేదో కూడా అడగాలి. జేమర్సన్ పేరు మనకు దక్కింది ఎలా? తోటి వాద్యకారులు బతికి ఉండగానే కొందరు వారి వద్దకు వెళ్లి అడిగారు, విన్నారు, రాసుకున్నారు. ఆలస్యమైతే ఆ జ్ఞాపకాలు కూడా పోయేవి.

మీ ఊరిలో కూడా పెళ్లిళ్లలో సన్నాయి ఊదినవారు, నాటకాలకు హార్మోనియం వాయించినవారు, పాటకచేరీలలో వెనుక వరుసలో నిలబడి గిటార్ పట్టినవారు ఉంటారు. వారిలో ఒకరి దగ్గరకు వెళ్లండి. ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరితో వాయించారు, ఎంత ముట్టింది అని అడిగి, తేదీలతో సహా రాసుకోండి. వారి పేరును మాత్రం పైన, పెద్ద అక్షరాలతో రాయండి.