అరుగుదలా, గుల్లబారడమా? ఎముక విరిగిన వృద్ధ స్త్రీల అవగాహన

ప్రస్తావన

"బాత్‌రూములో కాలు జారింది, చెయ్యి విరిగింది." ఎముక విరిగిన పెద్దావిడను కారణమడిగితే తరచూ వచ్చే జవాబిది. తప్పంతా తడినేలదే, ఎముక ఊసే రాదు. నిలుచున్న ఎత్తు నుంచి పడినంత మాత్రాన మణికట్టో, వెన్నుపూసో, తుంటో విరిగితే వైద్యశాస్త్రం అనుమానించేది ఎముకనే. కెనడా వంటి దేశాల్లో రోగులను మాట్లాడించి చేసిన అధ్యయనాల్లోనూ నెపం పడటం మీదికే పోయింది. తెలుగునాట దీనికి భాష కూడా తోడైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మాటలో చిక్కు

మోకాళ్ల నొప్పికీ, ఎముకల బలహీనతకూ మన ఇళ్లలో ఒకటే మాట: "అరిగిపోయాయి." అరుగుదల కీళ్లది. అక్కడ తరిగేది మృదులాస్థి. నొప్పి రోజూ ఉంటుంది. ఆస్టియోపొరోసిస్‌లో ఎముక లోలోపల గుల్లబారుతుంది; విరిగేదాకా నొప్పి ఉండదు. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి, ఎముకను కరిగించే కణాల జోరు కట్టే కణాలను మించిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994 నిర్వచనం ప్రకారం ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకు దిగువనుంటే అది ఈ జబ్బే. "అరిగింది" అని విన్న స్త్రీకి చెప్పు అరిగినట్టే తోస్తుంది. అరిగింది తిరిగి రాదు గనక మందు దండగ, కదలకపోతే మేలు అనుకుంటుంది. కదలిక తగ్గితే ఎముక ఇంకా బలహీనపడుతుంది.

కట్టుతో ఆగిపోయే వైద్యం

ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలతో కట్టే పుత్తూరు కట్టుకు దక్షిణాదంతా పేరుంది. ఆసుపత్రి పిండికట్టు, రాడ్డు చేసేదీ అదే పని: విరిగినచోట అతికించడం. కట్టు విప్పిన రోజే జబ్బు తీరిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. అయితే ఒకసారి విరిగినవారికి మళ్లీ విరిగే ముప్పు దాదాపు రెట్టింపు. తుంటి విరిగిన 2,127 మందిపై జరిగి 2007లో వెలువడిన పరీక్షలో, ఎముక కరగడాన్ని తగ్గించే జోలెడ్రోనిక్ ఆమ్లాన్ని ఏటా ఒకసారి ఎక్కించినవారిలో, ప్లాసిబో (ఉత్తుత్తి మందు) వర్గం కన్నా కొత్త విరుగుళ్లు 35 శాతం, మరణాలు 28 శాతం తక్కువ.

మందు రాసిచ్చినా చిక్కు తీరదు. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అరగంటసేపు ఏమీ తినకుండా, నడుం వాల్చకుండా ఉండాలి. బీపీ మాత్ర కాఫీతో వేసుకునే అలవాటున్న ఆవిడ దీన్నీ అలాగే మింగి పడుకుంటే మందు ఒంటికి పట్టదు, అన్నవాహిక పుండుపడవచ్చు.

మరికొందరికి "క్యాల్షియం గోళీ" వేసుకుంటే వైద్యం పూర్తయినట్టే. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని 2020 జాతీయ సిఫారసు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాములుంటుంది. రాయలసీమ రాగిసంకటి, ఉత్తరాంధ్ర చోడి (రాగి) అంబలి మంచివే. తిరుపతి పరిశోధకులు ఆరోగ్యవంతుల్లోనే విటమిన్ డి లోపాన్ని, ఆహారంలో క్యాల్షియం కొరతను గుర్తించారు. ఆ కొరత తీర్చాల్సిందే; అయినా క్యాల్షియం ఎముకకు ముడిసరుకే. విరిగిన మనిషికి అది మందుకు బదులు కాదు.

ముగింపు

గ్లాస్గోలో 1999 నుంచి, ఎముక విరిగి వచ్చినవారిని నర్సులే గుర్తించి ఎముక పరీక్షకూ మందుకూ పంపే ఏర్పాటు నడిచింది. మన దగ్గర ఆ పని ఒక వాక్యంతో మొదలుపెట్టవచ్చు. కట్టు విప్పే రోజున, కొడుకూ కోడలూ పక్కనుండగా, డాక్టరు ఇలా చెప్పాలి: "అమ్మా, విరిగింది అతికింది. గుల్లబారిన ఎముకకు వైద్యం ఇవాళ మొదలు." డిశ్చార్జి కాగితం మీదా ఆ మాట తెలుగులో ఉండాలి.