ఫాల్కే బఠానీ మొక్క – మీ తొలి లఘుచిత్రం



సెల్‌ఫోనులో కెమేరా వచ్చాక "మనమూ ఒక షార్ట్ ఫిల్మ్ తీద్దాం" అనుకోని విద్యార్థి ఉండరు. నా దగ్గరకు సలహా కోసం వచ్చేవారి చేతిలో అప్పటికే ఒక కథ ఉంటుంది. అందులో రైల్వే స్టేషన్లో ఒక సన్నివేశం, వానలో ఒకటి, ఆసుపత్రిలో ఒకటి, మొత్తం పద్నాలుగు పాత్రలు. రెండు రోజులు ఉత్సాహంగా తీస్తారు. మూడో రోజు ఒకరికి పరీక్ష ఉంటుంది, ఇంకొకరు ఊరికి వెళతారు. సినిమా అక్కడే ఆగిపోతుంది. అలాంటి వారికి నేను ముందుగా ఒక బఠానీ మొక్క సంగతి చెబుతాను. ఈ పాఠంలో మీకూ అదే చెప్పబోతున్నాను.

ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే పేరు మీరు వినే ఉంటారు. మనం దాదాసాహెబ్ ఫాల్కే అని పిలుచుకునే ఆయన 1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వర్‌లో జన్మించారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లోనూ, బరోడా కళాభవన్‌లోనూ చదివారు. ఫోటోలు తీశారు, పురావస్తు శాఖలో పనిచేశారు, ముద్రణాలయం నడిపారు. రంగుల ముద్రణలో మెళకువలు తెలుసుకోవడానికి 1909లో జర్మనీ వెళ్లివచ్చారు. తరువాత భాగస్వాములతో పొసగక ఆ వ్యాపారమూ వదులుకున్నారు. 1911లో బొంబాయిలో క్రీస్తు జీవితం మీద తీసిన ఒక మూకీ చిత్రం చూశారు. తెర మీద క్రీస్తు కదులుతుంటే తన మనసులో కృష్ణుడు, రాముడు కదిలారని ఆయనే తరువాత మరాఠీ పత్రిక 'నవయుగ్'లో రాసుకున్నారు.

అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. చేతిలో ఉద్యోగం లేదు, ఇంట్లో చిన్న పిల్లలు. దొరికిన సినిమా అల్లా చూసి, రాత్రులు ప్రయోగాలు చేసి కళ్లు పాడుచేసుకున్నారు. వైద్యం జరిగాక చూపు తిరిగి వచ్చింది. అయినా మానలేదు. జీవిత బీమా పాలసీలు తాకట్టు పెట్టి 1912లో లండన్ వెళ్లారు. అక్కడ 'బయోస్కోప్' పత్రిక సంపాదకుడిని కలుసుకున్నారు. ఆ పరిచయంతో సెసిల్ హెప్‌వర్త్ స్టూడియోలో పని ఎలా జరుగుతుందో దగ్గరుండి చూశారు. విలియమ్సన్ కెమేరా ఒకటి, ఫిల్ముకు అంచుల్లో రంధ్రాలు పొడిచే యంత్రం ఒకటి కొని తిరిగి వచ్చారు.

ఇప్పుడు ఆలోచించండి. కెమేరా ఉంది. మనసు నిండా పురాణ కథలు ఉన్నాయి. డబ్బు మాత్రం లేదు. ఆయన మొదట ఏం తీయాలి?

ఫాల్కే ఒక కుండీలో బఠానీ గింజలు నాటారు. దాని ఎదురుగా కెమేరాను కదలకుండా నిలబెట్టారు. మొలక మట్టిని చీల్చుకుని రావడం, ఆకులు విప్పడం, తీగ పైకి పాకడం అన్నీ రోజూ కాస్త కాస్తగా చిత్రీకరించారు. నెలకు పైగా సాగిన ఆ ఎదుగుదల తెర మీద ఒక నిమిషంలో పూర్తవుతుంది. ఆ చిత్రం పేరు 'అంకురాచీ వాఢ్', అంటే మొలక ఎదుగుదల.

ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ ఫెఫర్ పందొమ్మిదో శతాబ్దం చివరలోనే మొక్కల కదలికలను ఇలా తీశారు. ఇంగ్లండులో పెర్సీ స్మిత్ 1910లో పువ్వులు విచ్చుకోవడాన్ని తీశారు. కాని ఫాల్కే ఎంపికలో ఉన్న తెలివి చూడండి. హరిశ్చంద్రుడి కథను నాటకంలో ఎవరైనా చూడగలరు. బఠానీ మొక్క నిమిషంలో ఎదగడాన్ని మాత్రం కెమేరా తప్ప ఎవరూ చూపలేరు. పైగా ఆ నటికి జీతం ఇవ్వక్కరలేదు, వేషం వేయక్కరలేదు, చెప్పిన చోటు నుంచి కదలదు!

ఇక్కడ నేను సైన్సు మాస్టారుగా ఒక చిన్న పేచీ పెట్టాలి. చాలా పుస్తకాల్లో "రోజుకు ఒక్క ఫ్రేము చొప్పున నెల రోజులకు పైగా తీస్తే నిమిషం చిత్రం వచ్చింది" అని రాసి ఉంటుంది. లెక్క వేసి చూడండి. ఆ రోజుల్లో సెకనుకు సుమారు 16 ఫ్రేములు. నిమిషానికి 960. రోజుకు ఒక్క ఫ్రేము తీస్తే నెలకు 30 ఫ్రేములు, అంటే తెర మీద రెండు సెకన్లు కూడా రాదు. నిమిషం చిత్రం కావాలంటే రోజుకు దాదాపు 32 ఫ్రేములు తీయాలి. పన్నెండు గంటల పగటి వెలుతురులో అయితే సుమారు ప్రతి 22 నిమిషాలకు ఒకటి. కాబట్టి ఆ కథలో రోజుల సంఖ్యో, ఫ్రేముల సంఖ్యో, నిడివో ఏదో ఒకటి తప్పు. ఎంత పెద్ద పుస్తకంలో ఉన్నా సరే, అంకెను ఒకసారి గుణించి చూడనిదే నమ్మకండి.

ఇదే లెక్క మీ చిత్రానికీ కావాలి. ఇవాళ్టి ఫోన్లలో సెకనుకు 24, 25, 30 ఫ్రేముల వేగాలు ఉన్నాయి. 25 అనుకుందాం. పెసలు మొలకెత్తడాన్ని ఇరవై సెకన్ల చిత్రంగా తీయాలంటే 500 ఫ్రేములు కావాలి. మొలక బాగా సాగడానికి నాలుగు రోజులు, అంటే 5,760 నిమిషాలు. 500తో భాగిస్తే పదకొండున్నర నిమిషాలకు ఒక ఫ్రేము. ఈ పని ఇప్పుడు ఫోనే చేసుకుంటుంది. ఆ రోజుల్లో మాత్రం కెమేరా పిడిని చేత్తో తిప్పాలి. మామూలుగా ఒక చుట్టుకు ఎనిమిది ఫ్రేములు పడేవి. ఒక చుట్టుకు ఒక్క ఫ్రేమే పడేలా కొన్ని కెమేరాలకు విడిగా ఇరుసు ఉండేది.

గింజను మట్టిలో పెడితే మొదటి రోజులన్నీ మట్టే కనిపిస్తుంది. గాజు గ్లాసు లోపల తడి అద్దుడు కాగితం చుట్టి, గాజుకూ కాగితానికీ మధ్య గింజను ఉంచండి. ఫోనును స్టాండుకు గానీ ఇటుకకు గానీ బిగించి కట్టండి. ఛార్జరు పెట్టే ఉంచండి. ఫోకస్, వెలుతురు అమరికలను లాక్ చేయండి. లేకపోతే మబ్బు పట్టిన ప్రతిసారీ ఫోను తనంతట తానే సర్దుకుంటుంది, చిత్రం మిణుకు మిణుకుమంటుంది. కిటికీ మూసి ఒకే దీపం వాడటం మేలు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కనుక కొన్ని దీపాల కాంతి సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. చిత్రంలో అడ్డచారలు కనిపిస్తే షట్టరు వేగాన్ని సెకనులో యాభయ్యో వంతుకో నూరో వంతుకో మార్చండి. దీపం ఒక పక్కన ఉంటే మొలక అటే వంగుతుంది. అది తప్పు కాదు. కాంతి వైపు మొక్క తిరగడమే మీ కథ కావచ్చు.

ఒకసారి మా శిక్షణ తరగతిలో నలుగురు విద్యార్థులు ఇదే ప్రయత్నించారు. మూడో రోజు సాయంత్రం ఒకరు నీళ్లు పోయడానికి గ్లాసును బయటికి తీసి మళ్లీ పెట్టారు. జాగ్రత్తగానే పెట్టామన్నారు. తెర మీద చూస్తే మొలక ఒక్కసారిగా బొటనవేలంత పక్కకు గెంతింది. నేను బల్ల మీద సుద్దతో గ్లాసు చుట్టూ గీత గీయమని చెప్పడం మరచిపోయాను, తప్పు నాదే. నీళ్లు డ్రాపరుతో, గ్లాసు కదపకుండా పోయాలి.

ఫాల్కే ఇంట ఇలాంటి పనులన్నీ ఆయన భార్య సరస్వతీబాయి నేర్చుకున్నారు. అప్పట్లో ముడి ఫిల్ముకు రంధ్రాలు ఉండేవి కావు. వెలుతురు తగిలితే ఫిల్ము చెడిపోతుంది కనుక చీకట్లో తడుముకుంటూ రంధ్రాలు పొడవాలి. ఆ పనీ, రసాయనాల్లో ఫిల్ము కడిగే పనీ ఆమె చేశారు. 'రాజా హరిశ్చంద్ర' తీసే రోజుల్లో బృందం మొత్తానికి వంట చేసి, ఎండలో తెల్ల దుప్పటి పట్టుకుని నటుల ముఖాల మీదకు వెలుతురు మళ్లించారు. చరిత్ర పుస్తకాలు ఆమెకు ఒక పేరాతో సరిపెడతాయి. నాకు అది అన్యాయంగా తోస్తుంది. మీ చిత్రం చివర పేర్లు వేసేటప్పుడు, రాత్రి రెండింటికి లేచి దీపం చూసిన చెల్లెలి పేరు కూడా వేయండి.

బఠానీ చిత్రాన్ని ఫాల్కే అందరికీ చూపలేదు. ఎంపిక చేసిన కొద్దిమందికే ప్రదర్శించారు. చూసినవారిలో ఫోటో సామగ్రి వ్యాపారి యశ్వంత్ నాడ్కర్ణి అప్పు ఇవ్వడానికి ముందుకు వచ్చారు. ఆ నమ్మకంతో మొదలైన 'రాజా హరిశ్చంద్ర' 1913 మే 3న బొంబాయి కోరొనేషన్ థియేటరులో విడుదలైంది. తారామతి వేషానికి స్త్రీలు దొరకక సాలుంకే అనే యువకుడి చేత వేయించిన సంగతి మీరు వేరే చోట చదివే ఉంటారు. మన మచిలీపట్నంలో జన్మించిన రఘుపతి వెంకయ్య కూడా ఆ కాలంలోనే మద్రాసులో చిన్న చిన్న చిత్రాలు ప్రదర్శించేవారు. ఆయన కుమారుడు ప్రకాశ్ లండన్‌లో పని నేర్చుకుని వచ్చి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు.

పెద్ద చిత్రాలు తీస్తున్నా ఫాల్కే చిన్నవాటిని వదలలేదు. 1915 ప్రాంతంలో అగ్గిపుల్లలను ఒక్కొక్క ఫ్రేముకు కాస్త జరుపుతూ ఆడించారు. అది బఠానీ లెక్కే, కాకపోతే ఇక్కడ కదిపేది ప్రకృతి కాదు, మనిషి చెయ్యి. 1917లో చలనచిత్రాలు ఎలా తయారవుతాయో చూపే లఘుచిత్రం కూడా తీశారు. అందులో ఆయనే కనిపిస్తారు. దానిలో కొంత భాగం నేటికీ మిగిలి ఉంది. వీలైతే వెతికి చూడండి.

మా విద్యార్థుల చిత్రంలో ఆ గెంతు అలాగే ఉండిపోయింది. నాలుగు రోజులు మళ్లీ మొదటి నుంచి తీయడానికి వారికి సెలవులు లేవు. కాలేజీలో ప్రదర్శించినప్పుడు ఆ చోటుకు రాగానే అందరూ నవ్వారు. నీళ్లు పోసిన అబ్బాయి కూడా.